మంచం ఎత్తు, ఆయమ్మ నడుం: కొన్ని అపోహలు – వాస్తవాలు

మంచాన పడ్డ పెద్దవాళ్లున్న ఇంట్లో ఏజెన్సీ పంపిన ఆయమ్మ "నడుం పట్టేసిందమ్మా" అంటే వచ్చే జవాబులు మూడు. సరిగ్గా వంగడం రాదు. కొత్త కదా, అలవాటైపోతుంది. బెల్టు కొనుక్కో. మూడింటి ప్రకారమూ లోపం ఆమె ఒంట్లోనే ఉంది. మంచంలో, పని గంటల్లో, ఇంటి ఏర్పాటులో ఏ లోపమూ లేదు. దీర్ఘకాలం రోగుల్ని, వృద్ధుల్ని చూసుకునే వాళ్ల ఆరోగ్యం గురించి మనలో పాతుకుపోయిన అపోహలు ఎన్ని ఉన్నా వాటన్నిటికీ వేరు ఇదే. పరిశోధనలు చెప్పేది మాత్రం దీనికి పూర్తిగా తలకిందులు.

పనిచేసే చోట ఆరోగ్యంపై పరిశోధించే అమెరికా ప్రభుత్వ సంస్థ నియోష్, అన్నీ అనుకూలంగా ఉన్నప్పుడు కూడా మనిషి ఎత్తే బరువు 23 కిలోలు దాటకూడదంటుంది. అది పెట్టెల లెక్క. రోగుల విషయానికి వచ్చేసరికి అదే సంస్థలో పనిచేసిన థామస్ వాటర్స్ 2007లో దాన్ని సుమారు 16 కిలోలకు తగ్గించారు. పెట్టెకు పట్టుకోవడానికి అంచులుంటాయి, అది కదలదు. మనిషి జారిపోతాడు, భయపడి మెడ పట్టుకుని వేలాడతాడు. 60 కిలోల మనిషి ఒక్క కాలే పది కిలోల దాకా తూగుతుంది. డైపర్ మార్చేటప్పుడు ఆయమ్మ ఆ కాలిని ఒక చేత్తో ఎత్తిపట్టి, రెండో చేత్తో తుడుస్తుంది. మోకాలెత్తున్న దివాన్ మీదికి వంగి, గోడవైపున్న పిర్ర అందక నడుం పక్కకి మెలితిప్పి మరీ చేస్తుంది. ఇందులో సరిగ్గా వంగే పద్ధతి అంటూ ఏముంటుంది? బరువులెత్తే పద్ధతి నేర్పితే నడుంనొప్పి తగ్గుతుందా అన్నదానిపై వచ్చిన పరిశోధనలన్నిటినీ 2011లో కాక్రేన్ సంస్థ సమీక్షించింది. ఒక్క శిక్షణతోనే నొప్పి ఆగుతుందనడానికి ఆధారం దొరకలేదు. బెల్టు సంగతీ అంతే. అమెరికాలో దుకాణాల్లో సరుకులెత్తే వేలమంది ఉద్యోగులపై 2000లో వచ్చిన అధ్యయనంలో, బెల్టు కట్టుకున్నవాళ్లకీ కట్టుకోనివాళ్లకీ తేడా కనిపించలేదు.

లక్షలు పోసి ఎత్తే యంత్రాలు కొనమంటారా అని అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. కానీ మొదట మారాల్సింది మంచం ఎత్తు. ఆసుపత్రి మంచాలు నెలవారీ అద్దెకు దొరుకుతున్నాయి. తల వైపు లేచేది మాత్రమే కాక మొత్తం ఎత్తు మారేది కావాలని అడగాలి. పని చేసేటప్పుడు ఆయమ్మ నడుం దాకా పెంచి, అయ్యాక తిరిగి దించాలి. ఎందుకంటే తనంతట తాను లేవబోయే రోగికి ఎత్తు మంచం ప్రమాదం. పైకి జరపడానికి నున్నటి జారుడు గుడ్డ చాలు. మంచం నుంచి చక్రాల కుర్చీలోకి మార్చేటప్పుడు మాత్రం ఇంట్లో ఇంకొకరు టీవీ ముందు నుంచి లేచి రావాలి. ఒక్కరే సంకల కింద చేతులేసి లేపితే పాడయ్యేది ఆయమ్మ నడుమొక్కటే కాదు, పెద్దాయన భుజం కూడా.

"మా అమ్మ పదేళ్లు అత్తగారిని చూసుకుంది, ఆవిడకేం కాలేదే" అనేది ఇంకో వాదన. ఆ తరం ఇల్లాళ్ల నడుంనొప్పుల్ని ఎవరు లెక్కపెట్టారు గనక? పైగా నలుగురు కోడళ్లు పంచుకున్న చాకిరీ వేరు, ఇరవై నాలుగ్గంటల డ్యూటీ మీద వచ్చిన ఒక్క మనిషి వేరు. ఆ డ్యూటీ గురించిన అపోహ ఏమిటంటే, "రాత్రి మాతోపాటే పడుకుంటుందిగా!" పుండ్లు పడకుండా రెండు గంటలకోసారి పక్క మార్చాల్సిన రోగి గదిలో పడుకున్న మనిషిది నిద్రెలా అవుతుంది? ఏకధాటిగా 17 గంటలు మెలకువగా ఉన్న మనిషి చురుకుదనం, రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్నవాడి స్థాయికి పడిపోతుందని ఆస్ట్రేలియా పరిశోధకులు డాసన్, రీడ్ 1997లోనే చూపించారు. మన దేశంలో బండి నడపడానికి చట్టం ఒప్పే హద్దు 0.03. అంటే బండి తాళం ఇవ్వని స్థితిలో ఉన్న మనిషి చేతికి మనం ఇన్సులిన్ ఇస్తున్నామన్నమాట. వారానికి 55 గంటలు, అంతకు మించి పనిచేసేవాళ్లకు పక్షవాతం ముప్పు సుమారు 35 శాతం ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ 2021లో తేల్చాయి. ఇరవై నాలుగ్గంటల డ్యూటీలో సగమే పనిగా లెక్కేసినా వారానికి 84 గంటలు.

ఇన్సులిన్ మాట వచ్చింది కాబట్టి సూదుల గురించి ఒక్క మాట. గ్లౌజులు మురికిని ఆపుతాయి, సూదిని ఆపవు. హెపటైటిస్ బి ఉన్న రోగికి వాడిన సూది గుచ్చుకుంటే, టీకా వేయించుకోనివారికి అది సోకే ముప్పు 30 శాతం దాకా ఉండొచ్చు. వాడిన సూదికి మళ్లీ మూత పెట్టకూడదు, గట్టి డబ్బాలో వేయాలి. మూడు డోసుల టీకా ఖర్చు ఆయమ్మ మీద వేయకూడదు.

ఇక మనసు సంగతి. మతిమరుపు జబ్బు ముదిరిన పెద్దవాళ్లు కొడితే, గిల్లితే, తిడితే "వాళ్లకేం తెలుసు, ఓర్చుకోవాలి" అంటాం. మొదటి సగం నిజమే. నొప్పి, మలబద్ధకం, మూత్రంలో ఇన్ఫెక్షన్ వంటివి చెప్పుకోలేక, ఎవరో కొత్త మనిషి బట్టలు విప్పుతోందన్న భయంతో వాళ్లలా చేస్తారు. కారణం ఉంది కాబట్టే తగ్గించే దారీ ఉంది. ఎదురుగా వచ్చి మాట్లాడి ముట్టుకోవడం, మొరాయిస్తే స్నానం వాయిదా వేయడం, డాక్టర్‌కి చూపించడం. ఓర్పు ఒక్కటే మందనుకుంటే ఇవేవీ జరగవు. ముందే చెబితే ఎవరూ రారని కొన్ని కుటుంబాలు ఈ సంగతి దాస్తాయి. తెలిసి వచ్చిన మనిషి జాగ్రత్త పడుతుంది, తెలియక వచ్చిన మనిషి దెబ్బ తిని మధ్యలో వెళ్లిపోతుంది. నష్టం ఎవరికో లెక్క చూసుకోవచ్చు.

మూడేళ్లు చూసుకున్న మామ్మగారు పోతే, మర్నాడే ఏజెన్సీ ఇంకో ఇంటికి పంపుతుంది. ఆ దుఃఖాన్ని ఎవరూ దుఃఖంగా లెక్కపెట్టరు, "నీ వాళ్లేం కాదుగా" అంటారు. ఇలా లోలోపల అరిగిపోయి, చివరికి ఏదీ పట్టనట్టు తయారవడాన్ని బర్నవుట్ అంటున్నాం. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని వ్యక్తి జబ్బుగా కాక, సర్దుబాటు చేయని పని ఒత్తిడి ఫలితంగా నిర్వచించింది. మరి ధ్యానం, యోగా క్లాసులు? చేసుకుంటే మంచిదే. కానీ బ్రిటన్‌లో 46 వేల మందికి పైగా ఉద్యోగుల వివరాలు పరిశీలించి విలియం ఫ్లెమింగ్ 2024లో ప్రచురించిన అధ్యయనంలో, ఇలాంటి కార్యక్రమాల్లో పాల్గొన్నవాళ్ల మానసిక స్థితి పాల్గొననివాళ్ల కన్నా మెరుగ్గా ఏమీ లేదు. వారానికో రోజు సెలవు, రాత్రికి వేరే మనిషి, ఒక ఇంటి డ్యూటీ ముగిశాక నాలుగు రోజుల విరామం ఇవ్వకుండా శ్వాస మీద ధ్యాస పెట్టమనడం సాయం కాదు. ఇప్పటికే కుంగిపోయినవాళ్లకు మాత్రం ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416 ఉంది. ఫోన్ ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు.

చివరి అపోహ, "ఇదేమన్నా ఆఫీసా, ఫ్యాక్టరీయా? ఇల్లు." లైంగిక వేధింపుల నుంచి మహిళా ఉద్యోగులకు రక్షణ కల్పించే 2013 చట్టం పనిస్థలం నిర్వచనంలో ఆసుపత్రులు, నర్సింగ్ హోములతోపాటు నివాస గృహాన్నీ పేరుపెట్టి చేర్చింది. ఇంట్లో వేధింపు ఎదురైన ఆయమ్మ మూడు నెలల లోపు జిల్లా స్థానిక కమిటీకి ఫిర్యాదు చేయొచ్చు.