వంతు, ఎత్తు, కట్టు
(పులిజూదమును, కంప్యూటరు యుద్ధక్రీడలును)

కంప్యూటరుపై ఆడు యుద్ధక్రీడలలో ఒక తెగ కలదు. అందు ఇరుపక్షములవారును ఒక్కసారి చెలరేగరు. ఒకరు తమ సేనను నడపి ముగించువరకు రెండవవారు వేచియుందురు. ఆంగ్లమున ఈ తెగకు గల పేరులోని 'టర్న్' అను మాటకు తెలుగున 'మలుపు' అని వ్రాయుట ఇటీవల కానవచ్చుచున్నది. త్రోవకు మలుపు కలదు, కథకు మలుపు కలదు. ఆటకు ఉండునది వంతు. కృష్ణాతీరమున ఏ పల్లెలో ఆడుకొను పిల్లలైనను 'వంతు ఎవరిది' యని తగవులాడుదురే గాని 'మలుపు ఎవరిది' యని అడుగరు. ఇట్టి అనువాదమును నవ్వి విడిచిపెట్టవచ్చును. కాని ఈ ఆటల మర్మమును చెప్పుటకు తెలుగున మాటలు లేవను తలంపు దీని వెనుక నున్నది. అది సరికాదని మా అభిప్రాయము. ఆ మాటలలో ముఖ్యమైనవి అరుగులమీదను, రావిచెట్టు తిన్నెలమీదను ఆడిన పులిజూదమున నున్నవి.

పులిజూదమును కొన్ని చోట్ల మేకపులి యనియు, పులిమేక యనియు అందురు. 1855లో ఆనకట్ట కట్టిన నాటినుండి కాలువనీటిని బట్టి సాగుచున్న కృష్ణా డెల్టాలో నాట్లకును కోతలకును నడుమను, కాలువలు కట్టివేయు వేసవిలోను కొంత తీరిక చిక్కును. బొగ్గుముక్కతో గాని సుద్దతో గాని గచ్చుపై గీతలు గీసి, మూడు గచ్చకాయలను పులులుగను, పదునైదు చింతగింజలను మేకలుగను పెట్టుకొన్నచో ఆటకు వలయు సంభారమంతయు సిద్ధమైనట్లే. ఖర్చు లేని ఆట యగుటచేత దీనిని అల్పమైనదిగా ఎంచినవారు పెక్కురు. లెక్కకు దిగి చూచిన పిమ్మట ఆ భావము నిలువదు.

పటము ఈ విధముగ నుండును. పైన ఒక శిఖరబిందువు. దానినుండి నాలుగు గీతలు క్రిందికి విచ్చుకొని వచ్చి పాదరేఖపై ఆగును. శిఖరమునకును పాదరేఖకును నడుమ మూడు అడ్డగీతలు. ఈ అడ్డగీతలు త్రికోణమును దాటి ఇరుప్రక్కలకు సాగి, ప్రక్కకొక పొట్టి నిలువుగీతతో ముగియును. కావున ఒక్కొక్క అడ్డగీతపై ఆరేసి స్థానములు, మూడింటిపై 18, పాదరేఖపై 4, శిఖరము 1, మొత్తము 23. కాయలు గీతలు కలియు చోటులందే నిలుచును, గీత వెంబడినే కదలును.

మేకలవాడు తన వంతున ఒక మేకను ఖాళీస్థానమున పెట్టును. పులులవాడు తన వంతున ఒక పులిని ప్రక్కస్థానమునకు జరుపును. పదునైదు మేకలును పటమెక్కువరకు ఏ మేకయు కదలరాదు. పులికి ప్రక్కనే మేకయుండి, ఆ మేకకు ఆవల అదే గీతపై చోటు ఖాళీగ నున్నచో, పులి దానిపైనుండి దుమికి దానిని చంపును. పులిపై పులి దుముకరాదు. మేకలకు చంపు శక్తి లేదు. పులులు మూడింటిని కదలకుండ చుట్టివేయుటయే వాటి విజయము. మొదట పులులను ఎచ్చట నిలుపవలెను, ఎన్ని మేకలు చచ్చిన పులి గెలిచినట్లు అను రెండు విషయములందు ఊరికొక కట్టుబాటు కలదు.

ఇచ్చట ఇరుపక్షముల బలము సమానము కాదు. సంఖ్యయందు మాత్రమే కాదు, స్వభావమునందును భేదమున్నది. చదరంగమున ఇరువురికిని ఒకే సేన. పులిజూదమున ఒకనికి వేటయు, ఒకనికి వలయు. అట్లయ్యును ఆట ఏకపక్షము కాదు. ఏల కాదో పటమే చెప్పును.

మేక చచ్చుటకు దానికి ఇరువైపుల ఒకే గీతపై రెండు స్థానములుండవలెను. అట్లు లేని స్థానములు పటమున ఏడు: శిఖరము, ప్రక్క నిలువుగీతల నాలుగు కొనలు, పాదరేఖ రెండు కొనలు. అచ్చట పెట్టిన మేకకు చావు లేదు. ఇప్పుడు పులి వైపునుండి చూతము. పటము నడుమ నున్న పులిని బంధింపవలెనన్నచో నాలుగు దిక్కుల నాలుగు మేకలును, ఆ మేకలు చావకుండ వాటి వెనుక నాలుగును, మొత్తము 8 కావలెను. ఒక్క పులికే ఎనిమిది వెచ్చించినచో మిగిలిన రెండు పులులకు ఏడే మిగులును. అదే పులి ఒక మూలకు చేరినచో నాలుగు చాలును. మేకకు అభయమిచ్చు మూల పులికి బోను! ఈ సూత్రమునకు లొంగనిది శిఖరమొక్కటే: అది మేకకు అభయస్థానమే యైనను, అచ్చట కూర్చున్న పులిని కట్టుటకు ఎనిమిది మేకలు కావలెను. పులులవాడు శిఖరమును తేలికగా విడువకపోవుటకు కారణమిదియే.

పులులు ఒకదాని నొకటి అంటి నిలిచినప్పుడు లెక్క మారిపోవును. శిఖరమున ఒకటియు, దాని క్రింది అడ్డగీతపై నడిమి రెండు స్థానములందు రెండును నిలిచినచో, ఒక్కొక్కటి తన తోడిదానికే అడ్డగును. మూడింటిని కట్టుటకు 10 మేకలు సరిపోవును. మూడును ఒక ప్రక్క నిలువుగీతపై వరుసగా చేరినచో ఆరే చాలును. కావున అయిదారు మేకలు పోయినంతమాత్రమున మేకలవాడు నిరాశపడ నక్కరలేదు. అతని పని పులిని ఎదిరించుట కాదు, పులులను ఒకచోటికి చేర్చుట. ఒక మేకను ఎరగా విడిచి పులిని మూలకు రప్పించుట నేర్చినవాడే ఈ ఆటలో ఆరితేరినవాడు.

మేకలన్నియు పటమెక్కిన పిమ్మట మరియొక చిక్కు వచ్చును. ఒక్కటియు చావకున్నచో ఖాళీలు ఐదే. కదలుట ఇష్టమున్నను లేకున్నను తన వంతున ఏదో ఒక కాయను కదపక తప్పదు. చక్కగా కట్టిన గోడను తన చేతితోనే విప్పవలసి వచ్చును. వంతు హక్కు మాత్రమే కాదు, బాధ్యతయు నని ఈ ఆట తెలుపునంత స్పష్టముగ మరియొకటి తెలుపదు.

ఇక కంప్యూటరు క్రీడకు వత్తము. ఉదాహరణముగ 'బ్యాటిల్ ఫర్ వెస్నోత్' అనుదానిని గ్రహించితిమి. డేవిడ్ వైట్ అనునతడు ప్రారంభింపగా 2003లో మొదట వెలువడిన ఈ ఆట స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు. ఎవరైనను ఉచితముగ పొందవచ్చును, నియమములను విప్పి చూడవచ్చును. పరిశోధకులకు ఇంతకంటె అనుకూలమైనది దొరకదు. పటము షట్కోణపు గడులతో నిండియుండును. అడవులు, కొండలు, నీరు, గ్రామములు, కోటలు అందు చిత్రితములు. కథ కల్పితము: మనుష్యులు, వనవాసులైన దివ్యజాతివారు, మరుగుజ్జులు, లేచి నడచు అస్థిపంజరములు. పాతాళభైరవి (1951) చూచిన తెలుగువారికి ఈ లోకము క్రొత్తగ తోపదు.

నాయకుడు కోటలో నిలిచి బంగారము వెచ్చించి సైనికులను చేర్చుకొనును. గ్రామములను పట్టుకొన్న కొలది వంతువంతునకు బంగారము వచ్చును. గాయపడినవాడు గ్రామమున ఆగినచో కొంత కోలుకొనును. ఇచ్చట పులిజూదముతో గల మొదటి భేదము కనబడును. అందు వంతునకు ఒక ఎత్తు. ఇందు వంతునకు సేనలో ఎందరినైనను నడపవచ్చును, ఎవరిని కదపకయు ఊరకుండవచ్చును. అనగా వంతు వేరు, ఎత్తు వేరు. చదరంగమున ఈ రెండును ఒకటిగ కలిసియుండుటచే భేదము మనకు తోపదు. 'టర్న్' అనుటకు వంతును, 'మూవ్' అనుటకు ఎత్తును వాడినచో రెండు భావములును విడివిడిగ నిలుచును. గుడివాడలో 1987లో జన్మించి, 2002లో గ్రాండ్‌మాస్టరు హోదా నందిన కోనేరు హంపి ఆటలను గూర్చి వ్రాయునపుడు మన వార్తాపత్రికలు 'ఇన్ని ఎత్తులలో గెలిచెను' అనియే వ్రాయుచున్నవి. ఆ మాటకు ఇంకను జీవము కలదు.

రెండవది స్థానబలము. దివ్యజాతి సైనికుడు అడవిలో నిలిచినచో అతనిపై పడు 100 దెబ్బలలో సుమారు 60 నుండి 70 తప్పిపోవును. లోతులేని నీటిలో దిగిన సామాన్య పదాతికి 20 మాత్రమే తప్పును. మూలలోని మేకయు, మూలలోని పులియు మనకు నేర్పినది ఇదియే: బలము కాయలో లేదు, కాయ నిలిచిన చోటులో కలదు. అయినను ఇందు దెబ్బ తగులుట తగులకుండుట సంభావ్యతపై ఆధారపడియున్నది. తెలుగు నుడికారము ఈ రెండు ధర్మములను ఏనాడో వేరుపరచినది. 'పాచిక పారినది' యన్నచో అదృష్టము కలిసివచ్చినదని. 'ఎత్తుకు పైయెత్తు' అన్నచో బుద్ధి పనిచేసినదని. వైకుంఠపాళి వట్టి పాచిక. పులిజూదము వట్టి ఎత్తు. వెస్నోత్ ఎత్తు వేసి పాచికను నమ్ముకొను ఆట. ఓడినవాడు పాచికను తిట్టుట అన్ని కాలములందును ఉన్నదే.

మూడవది కట్టు. శత్రువు ప్రక్కగడిలోనికి అడుగిడిన సైనికుడు ఆ వంతున మరి ముందుకు సాగజాలడు. కావున ఇద్దరు సైనికులను నడుమ రెండు గడులు విడిచి నిలిపినను వారి మధ్యనుండి శత్రువు దూసికొని పోజాలడు. దీనికి ఆంగ్లమున 'జోన్ ఆఫ్ కంట్రోల్' అని పేరు. 'నియంత్రణ మండలము' అని అనువదించుట సులభము. కాని పులిని కట్టుట, ఆట కట్టించుట అను వాడుకలు ఉండగా 'కట్టు' అనుటయే మాకు సమంజసముగ తోచుచున్నది. బొత్తిగా తక్కువ శ్రేణి సైనికులకు ఈ కట్టు శక్తి లేదు. ఈ అంశమున మాత్రము చింతగింజ మేకయే వారికంటె మేలు.

కాలమును గూర్చిన నియమము పులిజూదమున లేనిది. ఆరు వంతులు ఒక అహోరాత్రము: ఉషస్సు, ఉదయము, అపరాహ్ణము, సంధ్య, తొలిజాము, మలిజాము. ధర్మపక్షపు సైనికులకు ఉదయాపరాహ్ణములందు దెబ్బ బలము నాలుగవవంతు పెరుగును, రెండు జాములందు అంతయే తరుగును. నిశాచరులకు ఇది తలక్రిందులు. సంధ్యలందు ఎవరికిని హెచ్చుతగ్గులు లేవు. కావున నిపుణుడు పగలు ముందుకు నడచి, రాత్రి గ్రామముల నాశ్రయించును. 'సెకండ్ వాచ్' అనుదానిని తెలిగించుటకు నిఘంటువు వెదుక నక్కర లేదు. మలిజాము మన యిండ్లలో పలికిన మాట.

ఇట్లు చూచినచో క్రొత్త ఆటకు వలయు పరిభాష ప్రాతయాటలందు చాలవరకు కలదు. అయితే అది గ్రంథములయందు కంటె నోళ్లయందు ఎక్కువగ నున్నది. సురవరం ప్రతాపరెడ్డి గారు 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' (1949)లో జనుల వినోదములకు చోటిచ్చిరి. భద్రిరాజు కృష్ణమూర్తి గారి సంపాదకత్వమున 1962లో వెలువడిన మాండలిక వృత్తిపదకోశపు మొదటి సంపుటము సేద్యపు మాటలను ఊరూర సేకరించు మార్గము చూపెను. ఆటల మాటలకును అట్టి కృషి జరుగవలసియున్నది. విజయవాడలో అరుగుల యిండ్లు పోయి అంతస్తుల మేడలు లేచినవి. అరుగు పోయినచోట దానిపై గీసిన పటమును పోయినది. వార్తలలో రాజకీయ నాయకులు నేటికిని పావులు కదుపుచున్నారు గాని, ఆ పావు ఏ ఆటలోనిదో చదువరులలో ఎందరికి తెలియునో చెప్పలేము.

ఈ పనికి పూనుకొను విద్యార్థులు గుడివాడ, దివి, తెనాలి ప్రాంతముల వృద్ధులను కలిసినపుడు నియమములను మాత్రము వ్రాసికొని రారాదు. ఎదుట కూర్చుండి ఒక ఆట ఆడవలెను. శిఖరబిందువును వారేమందురు, చావులేని మూలకు పేరున్నదా, మేక వెనుక నిలుచు మేకను ఏమని పిలుతురు, ఎరగా విడిచిన మేకకు వేరు మాట కలదా, కదలక తప్పని స్థితిలో ఆటగాని నోట వెలువడు పలుకేది అను సంగతులు అడిగి తెలిసికొనునవి కావు. అవి ఆట రసపట్టునకు వచ్చినప్పుడు తామై వెలువడును.