దవడపంటిలో తెల్ల ఫిల్లింగు అరిగిపోతుందా?



మొన్న మద్దికెర వెళ్ళినప్పుడు చూస్తే మా వదిన జొన్నరొట్టెను పాలలో నానబెట్టుకుని తింటోంది. "అదేం వదినా, పళ్ళన్నీ ఉన్నాయి కదా?" అన్నాను. "దవడపంటికి తెల్ల ఫిల్లింగు వేయించుకున్నా. నమిలితే అరిగిపోతుందని భయం" అంది.

ఆ భయం ఒకప్పుడు నిజమే. తెల్ల ఫిల్లింగంటే మన ఇళ్ళలోని మొజాయిక్ గచ్చు లాంటిది. గచ్చులో సిమెంటు, రాతిచిప్స్ ఉన్నట్టే ఇందులో ఒక రకం జిగురు, గాజుపొడి ఉంటాయి. ఆ జిగురుకు 1962లో అమెరికాలో రాఫెల్ బోవెన్ అనే ఆయన పేటెంటు పొందారు. తొలిరోజుల్లో గాజురేణువులు పెద్దవి. నమలగా నమలగా చుట్టూ జిగురు అరిగి, రేణువు ఊడి గుంట పడేది. అందుకే దవడపళ్ళకు వెండి ఫిల్లింగే వేసేవారు. ఇప్పుడు రేణువులు చాలా సన్నం, వాటిని ఒత్తుగా కూరుస్తారు. మన దవడపంటి పింగాణీయే ఏడాదికి సుమారు 30 మైక్రాన్లు, అంటే వెంట్రుక మందంలో సగంకంటే తక్కువ, అరుగుతుంది. మంచి తెల్ల ఫిల్లింగు అరుగుదలా ఇంచుమించు అంతేనన్నమాట. పాదరసం వాడకం తగ్గించాలని 2013లో మినమాటా ఒప్పందం కుదిరాక వెండి ఫిల్లింగులు తగ్గుతున్నాయి కూడా.

మరి ఇది పాడయ్యేది ఎలా? ఎక్కువగా రెండు విధాలు: అంచున మళ్ళీ పుచ్చడం, లేదా విరగడం. నీలికాంతితో గట్టిపడేటప్పుడు ఈ పదార్థం కాస్త ముడుచుకుంటుంది. ఉమ్మి తగిలితే పంటికి సరిగా అంటుకోదు. అందుకే డాక్టరు దూది పెట్టో, రబ్బరు షీటు కట్టో పన్ను ఆరబెట్టి, రెండేసి మిల్లీమీటర్ల పొరలుగా వేస్తారు. ఆలస్యమవుతోందని తొందరపెట్టకండి సుమా! నిద్రలో పళ్ళు కొరికేవారికి మాత్రం అరుగుదల, విరుగుడు రెండూ ఎక్కువే. ఆ సంగతి ముందే చెప్పాలి.

రొట్టె నిక్షేపంగా తినండి. వక్కలు, ఎముకలు మాత్రం ఆ పంటితో కొరకవద్దు. విసుర్రాయికి కొత్తగా గంట్లు కొట్టిస్తే, మొదట కాసిని నూకలు విసిరి పారేసి ఆ తర్వాతే పిండి పట్టండి. రాతిపొడి ఫిల్లింగునే కాదు, పంటినీ అరగదీస్తుంది. వేరుశనగ ఉండలు తింటే నోరు పుక్కిలించండి. రాత్రి పడుకోబోయేముందు పళ్ళు తోముకోవడం మరవకండి.

ఇదంతా చెప్పాక మా వదిన మెల్లగా అంది: "అరగలేదు గానీ, ఆరునెలలుగా దాని పక్కన ఏదో ఒకటి ఇరుక్కుంటోంది." మర్నాడే గుంతకల్లు తీసుకెళ్ళాను. అంచు కింద పుచ్చు మొదలైంది. ఇంకా లోతుకు పోలేదు కనుక పన్ను దక్కింది.

అరుగుతుందని రొట్టె మానుకున్న మనిషి, ఇరుక్కుంటున్న సంగతి పట్టించుకోలేదు. మీరు మాత్రం నొప్పి వచ్చేదాకా ఆగకండి.