అస్లాన్‌కి మరో పేరు

మా అమ్మ మంగళగిరి నుంచి వచ్చి మూడు నెలలు మాతో ఉన్న చలికాలం సంగతి ఇది. అబూ ధాబీ శివార్లలోని మహమ్మద్ బిన్ జాయెద్ సిటీలో, ఒక విల్లా పై అంతస్తులో మా కాపురం. రాత్రి అన్నాలయ్యాక మా అమ్మాయి పుస్తకం చంకన పెట్టుకుని అమ్మమ్మ పక్కలో చేరేది. ఇంగ్లీషులో చదువుకోవడం, వచ్చీరాని తెలుగులో అమ్మమ్మకి చెప్పడం. ఆ పుస్తకాలు సి. ఎస్. లూయిస్ నార్నియా కథలు. మొత్తం ఏడు, 1950 నుంచి 1956 దాకా ఏడాదికొకటి చొప్పున వచ్చాయి.

వాటిలో అస్లాన్ అనే సింహం ఉంటుంది. టర్కీ భాషలో ఆ మాటకి అర్థమే సింహం. పానకాలస్వామి కొండ నీడన పెరిగిన మనిషికి సింహం అనగానే ఇంకెవరు గుర్తొస్తారు? "నరసింహస్వామేనే పిచ్చిపిల్లా!" అని మా అమ్మ తేల్చేసింది. మనవరాలూ నమ్మింది. 1952లో వచ్చిన మూడో పుస్తకం చివర అస్లాన్ పిల్లలతో, మీ లోకంలో నాకు వేరే పేరుంది, ఆ పేరుతో నన్ను తెలుసుకోవాలి అంటాడు. మా అమ్మాయి గంతులేసింది. ఆ పేరు తనకి ముందే తెలుసు కదా మరి.

నెల తిరక్కుండానే ఒకరోజు బడి నుంచి మొహం వేలాడేసుకుని వచ్చింది. దాని స్నేహితురాలు ఒక కేరళ పిల్ల. మాకు దగ్గర్లోనే ముసఫ్ఫాలో 2015లో ప్రారంభమైన సెయింట్ పాల్స్ చర్చికి వెళ్ళే కుటుంబం. అస్లాన్ అంటే యేసు అని ఆ పిల్ల చెప్పిందట. మా అమ్మాయి ఏడు పుస్తకాలూ మంచం కిందకి తోసేసి, "అయితే అస్లాన్ మనవాడు కాదా? నాకు ముందే ఎందుకు చెప్పలేదు?" అని నిలదీసింది. చెప్పడానికి నాకు తెలిస్తేగా! పుస్తకాలు కొనిచ్చానే గానీ ఒక్క పేజీ తిప్పిన పాపాన పోలేదు. ఆ రాత్రే మంచం కింద దూరి ఒక్కొక్కటీ బయటికి లాగాను.

ఆ కేరళ పిల్ల చెప్పింది నిజమే. మొదటి పుస్తకంలో ఎడ్మండ్ అనే కుర్రాడు టర్కిష్ డిలైట్ మీద ఆశతో తోబుట్టువుల్ని మంత్రగత్తెకి పట్టిస్తాడు. (మన బొంబాయి హల్వాకి పంచదార పొడి అద్దినట్టుంటుంది. ఇక్కడ ఏ సూపర్ మార్కెట్లోనైనా దొరుకుతుంది. దానికోసం అన్నని అమ్ముకోనక్కర్లేదని మా అమ్మాయి అభిప్రాయం.) ద్రోహి ప్రాణం మంత్రగత్తెకి చెందాలన్నది ఆ లోకపు శాసనం. వాడికి బదులు అస్లాన్ తనే రాతిబల్ల మీద ప్రాణమిస్తాడు. ముందు రాత్రి ఒంటరిగా దిగులుగా నడవడం, శత్రువుల ఎగతాళి, చూస్తూ ఏడ్చేది ఇద్దరు ఆడపిల్లలే కావడం, తెల్లవారేసరికి మళ్ళీ లేవడం, ఇవన్నీ సువార్తల్లో ఉన్నవే. బైబిలు చివరి గ్రంథంలో క్రీస్తుకి యూదా గోత్రపు సింహం అనే పేరూ ఉంది.

అయితే లూయిస్ మాత్రం ఇది ఉపమాన కథ కాదనేవాడు. కుర్రతనంలో నాస్తికుడై, 1931లో మళ్ళీ క్రైస్తవం వైపు తిరిగినవాడు. నార్నియా తన తలలో ఒక బొమ్మగా మొదలైందని చెప్పుకున్నాడు. మంచు కురిసే అడవిలో గొడుగూ పొట్లాలూ పట్టుకుని నడిచే మేకకాళ్ళ మనిషి బొమ్మ అది. సింహం తర్వాత వచ్చి చేరింది. మనకి ఉపమాన కథంటే ప్రబోధచంద్రోదయం. అందులో వివేకుడూ మోహుడూ పాత్రలు, పేరు చూస్తే అర్థం తెలిసిపోతుంది. లూయిస్ వేసుకున్న ప్రశ్న వేరు. నార్నియా లాంటి లోకం నిజంగా ఉంటే, దేవుడి కుమారుడు అక్కడ ఏ రూపంలో పుడతాడు? దీన్ని ఇంగ్లీషువాళ్ళకి విడమరిచి చెప్పడానికి ఆయన చాలా ఉత్తరాలే రాయాల్సి వచ్చింది. మా అమ్మకి ఒక్క మాట చాలింది: అవతారం.

అక్కడితో ఆగకుండా అమ్మ ఇంకో సంగతి పట్టుకుంది. హిరణ్యకశిపుడి వరాన్ని విష్ణువు కాదనడు. మనిషీ మృగమూ కాని రూపం, పగలూ రాత్రీ కాని సంధ్యవేళ, లోపలా బయటా కాని గడప. వరంలో ఒక్క అక్షరమైనా మీరకుండా, అది చెప్పకుండా వదిలేసిన సందులోంచి వస్తాడు. అస్లాన్ కూడా మంత్రగత్తె హక్కుని కాదనడు. ఆమె ఎరిగిన శాసనం కంటే పాత శాసనం ఒకటుంది. ఏ ద్రోహమూ చెయ్యనివాడు ద్రోహి కోసం ఇష్టపడి చస్తే, చావే వెనక్కి తిరుగుతుంది. అక్కడ రాతిబల్ల రెండు ముక్కలైతే ఇక్కడ స్తంభం పగులుతుంది.

పోలిక అంతవరకే. ప్రహ్లాదుడు ఏ పాపమూ ఎరగడు. అలాంటి బిడ్డ కోసం దేవుడు గోళ్ళు బయటికి తీశాడు. ఎడ్మండ్ తప్పు చేసినవాడు. వాడి కోసం దేవుడు గోళ్ళు దాచుకుని కట్టేయించుకున్నాడు. "మనకి అజామిళుడు లేడూ?" అంది అమ్మ. ఉన్నాడు. నారాయణా అని కొడుకుని పిలిచి గట్టెక్కిన పాపి. కానీ అతనికి బదులు ఎవరూ చావలేదు. తేడా అంతా అక్కడే ఉందని నాకనిపించింది. పిల్లకీ అదే చెప్పాను: ఇది వాళ్ళ కథే, మనది అనుకోనక్కర్లేదు, ఇష్టపడటం మానక్కర్లేదు.

ఇంకో చిక్కు దేవుడు ఎప్పుడొస్తాడన్నది. గజేంద్రుడు మొరపెడితే లక్ష్మీదేవికి కూడా చెప్పకుండా పరుగెత్తే స్వామి కథ విన్న పిల్లలకి అస్లాన్ వరస మింగుడుపడదు. తోడేలు చెల్లెలి మీద పడ్డప్పుడు మిగతావాళ్ళని ఆపేసి, పీటర్‌నే కత్తి పట్టుకుని వెళ్ళనిస్తాడు. రెండో పుస్తకంలో అందరికంటే చిన్నది లూసీకే ముందు కనిపిస్తాడు, మిగతావాళ్ళు దాని మాట నమ్మరు. లూయిస్ మిత్రుడు టోల్కీన్ ఇంకా గుట్టు మనిషి. ఆయన ఉంగరాల కథలో దేవుడు కనిపించనే కనిపించడు. ఉంగరం నాశనమైన తేదీ మాత్రం మార్చి 25. మేరీకి దేవదూత శుభవార్త చెప్పిన పండుగరోజు అది.

నచ్చనిదీ చెప్పాలి. నార్నియాకి శత్రువులైన కాలర్మెన్ జనానికి లూయిస్ తలపాగాలు చుట్టి, వంపుకత్తులిచ్చి, నల్లటి మొహాలు పెట్టాడు. అరబ్బు పిల్లల పక్కన కూర్చుని చదువుకునే మా అమ్మాయి ఆ పేజీల దగ్గర ఇబ్బంది పడింది. పడాల్సిందే. కానీ చివరి పుస్తకంలో ఎమెత్ అనే కాలర్మెన్ సైనికుడున్నాడు. జీవితమంతా వేరే దేవుణ్ణి నిజాయితీగా కొలిచినవాడు. ఆ కొలుపంతా తనకే చేరిందని అస్లాన్ అతన్ని అక్కున చేర్చుకుంటాడు. "గీతలో తొమ్మిదో అధ్యాయం చదివుంటాడు" అంది మా అమ్మ. లూయిస్ మీద చాలామంది క్రైస్తవులకి కోపం వచ్చింది కూడా ఈ ఘట్టం దగ్గరే.

పుస్తకాలు మళ్ళీ అలమారాలోకి వచ్చాయి. అమ్మ వెళ్ళిపోయాక మా అమ్మాయి ఆ కేరళ పిల్లకి ప్రహ్లాదుడి కథ చెప్పిందట. ఆ పిల్ల శ్రద్ధగా విని, స్తంభం పగిలింది సరే, మరి ఇంటి కప్పు కూలిపోలేదా అని అడిగింది. ఫోనులో అమ్మమ్మని అడిగాం. కొండ మీద పూజారిగారిని కనుక్కుని చెబుతానంది.