'బ్లోఅవుటు' : అర్థవిచారము

వాసిష్ఠ గోదావరి సాగరమున గలియు అంతర్వేది మొదలుకొని వైనతేయ తీరము వరకు గల కోనసీమవాసులకు ఆకస్మికోపద్రవములను దెలుపు మాటలు మూడు ముఖ్యములు. ఏటినుండి వచ్చునది వరద. కడలినుండి వచ్చునది ఉప్పెన. ఇవి పాతమాటలు. భూగర్భమునుండి వచ్చు మూడవదానికి పేరు లేకుండెను. 1995 జనవరి 8వ తేదీన పాశర్లపూడి చెంత ఓ.ఎన్.జి.సి. త్రవ్వుచున్న బావినుండి సహజవాయువు ఎగజిమ్మి మండెను. ఆ మంట 65 దినములు ఆరలేదు. దానితో 'బ్లోఅవుటు' ఈ సీమ వాడుకలో స్థిరపడినది. తెలుగుమాటలుండగా ఇది ఏల నిలిచెనో విచారింతము.

ఆంగ్లమున 'బ్లో' యనగా ఊదుట, 'అవుట్' అనగా వెలుపలికి. ఈ రెండును గూడి క్రియయైనప్పుడు దీపము నూది యార్పుట అను అర్థము కలదు. నామమైనప్పుడు లోపలి ఒత్తిడి బ్రద్దలుకొట్టుకొని వెలువడుట అని యర్థము. మోటారుబండి టైరు పగులుటకును ఇదియే మాట. దీపము నార్పు మాట ఆరని మంటకు పేరగుట వింతయే.

చమురుబావిని త్రవ్వునప్పుడు బరువైన బురదద్రవమును లోనికి బంపుదురు. దాని బరువు రాతిపొరలలోని వాయువును అణచియుంచును. వాయువు ఒత్తిడి అంతకు మించి, పై కవాటములును దానిని ఆపజాలనిచో బ్లోఅవుటు సంభవించును. కావున అదుపు తప్పుటయే ఈ పదమునకు ప్రాణము, నిప్పు కాదు. అస్సాములోని బాగ్‌జాన్ బావి 2020 మే 27న బ్లోఅవుటు కాగా, దానికి నిప్పంటుకొన్నది జూన్ 9వ తేదీన.

ఇక మన మాటలను బరికింతము. 'పేలుడు' క్షణములో ముగియునది. పేలాలు అనుటయందును ఈ ధాతువే కలదు. 'విస్ఫోటము' పగులుటను దెలుపును. మశూచికి స్ఫోటకమను పేరు కలుగుటకు పొక్కులు పగులుటయే కారణము. 'ఉద్గారము' త్రేనుపు, వమనము అను అర్థముల నుండి వచ్చినది. అన్నింటికంటె దగ్గరిది 'పెల్లుబుకు'. పెల్లనగా ఉద్ధృతి, ఉబుకుట యనగా లోనుండి పైకి ఊరివచ్చుట. కాని కోపమును దుఃఖమును గూడ పెల్లుబుకును గదా! ప్రమాదమునకు ప్రత్యేకమగు పేరు కావలసినచోట ఈ వ్యాప్తియే దానికి అడ్డమైనది. పరభాషాపదమునకు మనయందు వేరర్థము లేకుండుటయే బలమైనది. అది ఉకారాంతమై, 'బ్లోఅవుటైనది', 'బ్లోఅవుటు బావి' అని తెలుగు వ్యాకరణమునకు లొంగినది.

అయితే తొలి యనుభవము మంటయే యగుటచేత, ఈ పదమునకు మంట యను అర్థము పెనవేసికొన్నది. ఇది కేవలము భాషావిషయము కాదు. బ్లోఅవుటనగా మంటయేయని తలచువాడు, మండని వాయువును జూచి అపాయము లేదనుకొనును. 2014 జూన్ 27న తెల్లవారుజామున నగరము గ్రామమున గెయిలు గొట్టమునుండి వెలువడి పరచుకొన్న వాయువు అంటుకొని 20 మందికి పైగా మరణించిరి. అది గొట్టపు లీకువలన గలిగిన పేలుడేగాని బ్లోఅవుటు కాదు. అయినను మంటకు ముందున్న వాయువే మృత్యువని అది చాటినది.

కావున నిఘంటుకర్తలు ఈ పదమును 'చమురు, వాయువుల బావినుండి అవి అదుపుతప్పి పెల్లుబుకుట. మంట యుండవచ్చును, లేకపోవచ్చును' అని వివరించుట యుక్తము. పై వివరణలోని కడపటి మూడు మాటలు పాఠశాలలలోను చెప్పదగినవి.