పాట వెనుక తుమ్మెద

వాల్వు రేడియోల కాలం ఎప్పుడో పోయింది. అయినా ఆదిలాబాదులో వుండే మా బాపు యింకా ఆ గొంతునే తలచుకుంటారు. మీట తిప్పగానే పలికేది కాదది. గాజుబుడ్డిలో తీగె ఎర్రబడేదాకా అరనిమిషం ఆగాలి. ఆదిలాబాదుకు ఆకాశవాణి కేంద్రం 1986లో వచ్చింది. అంతకుముందు హైదరాబాదు కోసం, సిలోను కోసం ఆ అరనిమిషం ఓపిక పట్టినవారిలో ఆయనొకరు.

ఆయన కోసమే కరీంనగరులో మా యింట్లో వాల్వు ఆంప్లిఫయరు కట్టడానికి పూనుకున్నాను. కిట్టు పార్సిలులో వచ్చింది. అందులో ఈసీసీ 83 వాల్వు సన్నని సంకేతాన్ని పెంచుతుంది. ఈఎల్ 84 దానికి బలమిస్తుంది. బలమంటే అయిదు వాట్లకు అటూ యిటూ, అంతే! ఈ రెండో వాల్వుకు సుమారు 5000 ఓముల భారం కావాలి. స్పీకరుదేమో 8 ఓములు. ఈ జంటను కలిపే పెళ్ళిళ్ళ పేరయ్య ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు. అటు 25 చుట్లకు యిటు ఒక చుట్టు.

నాలుగు ఆదివారాలు పట్టింది. పాట వచ్చింది, వెనుక తుమ్మెద రొదా వచ్చింది. బాపు ఫోనులో విని కూడా కనిపెట్టేశారు.

"పాట మంచిగనే ఉన్నది గని, ఎనుక ఆ రొద ఏందిరా?"

తప్పు వాల్వులదే అనుకుని ఖరీదైన విదేశీ వాల్వులు తెప్పించాను. డబ్బు పోయింది, రొద పోలేదు. చివరికి పెట్టెను టవర్ సర్కిల్ దగ్గర వుండే ఒక ముసలి మెకానిక్కు వద్దకు మోసుకుపోయాను. ఆయన సొరుగులోంచి బెంగుళూరు భారత్ ఎలక్ట్రానిక్స్ వారి పాత ఈసీసీ 83 తీసి పెట్టి చూశాడు. అదే రొద!

తరువాత రెండు వాల్వులూ వూడదీసి, కరెంటు పెట్టి మీటరు చూసి, ప్లగ్గు లాగేశాడు. నేను తీగె సవరించబోతే చటుక్కున నా మణికట్టు పట్టుకున్నాడు. మీటరు ముల్లు యింకా 300 దాటే వుంది!

"వైరు పీకితే అయిపాయెననుకుంటివా బిడ్డా? కండెన్సరు యాది పెట్టుకుంటది. ఎడమ చెయ్యి జేబుల పెట్టుకోని పని చెయ్యాలె."

ఒక చేత్తో ముట్టి మరో చేత్తో రేకు పట్టుకుంటే కరెంటు గుండె మీదుగా పోతుందట. నాలుగు ఆదివారాలూ నేను రెండు చేతులతోనే పనిచేశాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మొదట ఆయన కండెన్సర్లకు అడ్డంగా 220 కిలో ఓముల రెసిస్టరు అతికించాడు. యిప్పుడు వాల్వులు లేకపోయినా నిమిషంలో వోల్టేజి 20కి దిగిపోతుంది. తరువాత వాల్వులను వేడిచేసే తీగెలను జడలా పెనవేశాడు. నేను ఎక్కడ పడితే అక్కడ రేకుకు అతికించిన ఎర్తు తీగెలన్నిటినీ ఒకే చోటికి చేర్చాడు. రొదకు మూలం అక్కడే వుంది. పవరు సరఫరా తాలూకు కరెంటు పాట వచ్చే దారిలోనే తిరుగుతూ వుందన్నమాట. మొత్తం ఖర్చు యాభై రూపాయలు కాలేదు. విదేశీ వాల్వుల ధర మాత్రం యిప్పటికీ మా ఆవిడకు చెప్పలేదు.

పెట్టెను ఆదిలాబాదు తీసుకువెళ్ళాను. మీట నొక్కాను. బాపు అలవాటుగా అరనిమిషం ఆగారు. నేనింకా పాట పెట్టలేదు. ఆయన స్పీకరుకు చెవి ఆనించి, నా వైపు తిరిగి అడిగారు:

"ఏందిరా, కరెంటు పోయిందా?"