మసి అందరికీ ఒకటే... మరి మంచినీళ్ళ కుండ?

వెండితెర మీద బొగ్గుగని అనగానే చప్పున గుర్తొచ్చేది 1979 నాటి ‘కాలా పత్థర్’! అమితాబ్, శశికపూర్, శత్రుఘ్నసిన్హా... గనిలోకి నీళ్ళు ముంచుకొచ్చే ఆ క్లైమాక్సు! 1975 డిసెంబరు 27న ధన్‌బాద్ దగ్గర చస్నాలా గనిలో జరిగిన ఘోరమే దానికి ఆధారం. ఇంజనీరుకీ, కూలీకీ ఒకే మసి. బాగుంది. కానీ షిఫ్టు దిగి, స్నానం చేసి, ఆ మసి కడిగేసుకున్నాక ఏం మిగులుతుంది?

గోదావరిఖనిలో ఈ ప్రశ్న అడగాల్సిందే. సింగరేణి బొగ్గు తవ్వకం 1889లో ఇల్లెందు వైపు మొదలైతే, రామగుండం గనులు 1960 ప్రాంతాల్లో తెరుచుకున్నాయి. పల్లెల్లో దొరల దగ్గర వెట్టి చేసిన కుటుంబాల పిల్లలెందరో ఇక్కడికొచ్చి తట్టా చెమ్మస్ పట్టారు. నెల జీతం వచ్చింది, క్వార్టరొచ్చింది. అయితే విచిత్రం చూడండి... ఊరి దొరను వదిలించుకున్నవాడు గని మేనేజరును పిలిచిందీ ‘బాయి దొర’ అనే! మనిషి ఊరు దాటినంత తేలిగ్గా మాట దాటదు.

మన తెరకు ఈ సంగతి కొత్తదేం కాదు. 1938లోనే గూడవల్లి రామబ్రహ్మం ‘మాలపిల్ల’ తీశారు, కాంచనమాల నాయిక. 2023లో శ్రీకాంత్ ఓదెల తీసిన ‘దసరా’లో నాని మన సింగరేణి ప్రాంతపు కుర్రాడయ్యాడు. ఎనభై అయిదేళ్ళు గడిచినా కులం ఇంకా కథావస్తువే!

“మా దగ్గర కులం గిలం లేదు భాయ్” అనడం సులువు. కొత్తగా చేరిన కుర్రాణ్ణి “ఇంటిపేరేంది? ఊళ్ళె మీ ఇల్లు ఏ దిక్కు?” అని ఆరా తీస్తే, ఆ అడిగేది దేనికో వాడికి తెలియదా? టిఫిన్ డబ్బా పక్కకు జరిపితే తెలియదా? ఊడ్చే పని ఎప్పుడూ ఒకే వాడకట్టు వాళ్ళకే పడితే తెలియదా?

చట్టం ఉంది. 1955 నాటి అస్పృశ్యతా నేరాల చట్టం 1976లో పౌరహక్కుల పరిరక్షణ చట్టమైంది. అంటరానితనం పేరుతో ఉద్యోగానికి అడ్డుపడినా, ఊడ్చమని బలవంతపెట్టినా నేరమే. 1989లో అత్యాచారాల నిరోధక చట్టమూ వచ్చింది. కానీ డబ్బా జరిపిన ప్రతిసారీ పోలీసు రాడు కదా!

మరేం చేయాలి? కులం చూడకపోవడం ఒక్కటే చాలదు, చూసేవాణ్ణి ఆపాలి. ఊడ్చే పనైనా, బరువు పనైనా వంతులవారీగా వేసి, ఆ జాబితా గోడకు అంటించాలి. ‘ఒరేయ్’ మానేసి పేరుతో పిలవాలి. వెకిలి జోకు పడితే నవ్వకుండా “అదేం మాట?” అనాలి. ఆ మాట దెబ్బ తిన్నవాడే అనాలని చూడకూడదు. పక్కవాడు అంటేనే దానికి బలం. ఫిర్యాదు చేసినవాడికి చెడ్డ షిఫ్టు పడకుండా చూడాల్సింది పైవాళ్ళూ, యూనియనూ.

ఇది మన గొడవే అనుకోకండి. మనవాళ్ళు ఎందరో కంప్యూటర్ కొలువులు చేస్తున్న అమెరికాలోని సియాటిల్ నగరం 2023 ఫిబ్రవరిలో కుల వివక్షను నిషేధించింది. సముద్రాలు దాటినా సామానుతో పాటు కులమూ విమానం ఎక్కిందన్న మాట!

గనిలో పైకప్పు కూలితే చెయ్యి అందించేవాడి కులం ఎవ్వరూ అడగరు. కాంటీనులో గ్లాసు అందించేవాడి కులం మాత్రం ఎందుకు అడగాలి? హీరో ఒక్క దెబ్బతో తేల్చేస్తే మనం ఈలలు వేస్తాం. ఇక్కడ ఫైటింగులు అక్కర్లేదు, రేపటి షిఫ్టులో ఒక్క మాట చాలు. ఆ మాట అనే కుర్రాడు మీరే ఎందుకు కాకూడదు?