చెత్తకుప్పలో కోట్ల తాళంచెవి

పాసుపుస్తకం పోతే బ్యాంకుకు పరుగెత్తవచ్చు. మేనేజరు విసుక్కున్నా దరఖాస్తు రాయించుకుని కొత్తది ఇప్పిస్తారు. కంప్యూటర్లలో చలామణీ అయ్యే బిట్‌కాయిన్‌కు ఆ దిక్కు లేదు. సొమ్ముదారు వద్ద ఉండే రహస్య సంకేతమే దాని తాళంచెవి.

బ్రిటన్‌లోని న్యూపోర్ట్ వాసి ఒకరు 2009లో సొంత కంప్యూటరు నడిపి సుమారు 8,000 నాణేలు సంపాదించారు. అప్పట్లో వాటిని అడిగిన నాథుడు లేడు. 2013లో ఆ సంకేతం దాచిన హార్డ్‌డిస్క్ పొరపాటున చెత్తలో కలిసి ఊరి డంపింగ్ యార్డుకు చేరింది. విలువ కోట్లకు ఎగబాకాక, తవ్వుకుంటానని పాపం ఆయన ఏళ్ల తరబడి మొరపెట్టుకున్నారు. పర్యావరణానికి చేటని నగరపాలక సంస్థ ఒప్పుకోలేదు. 2025 జనవరిలో హైకోర్టూ దావా కొట్టివేసింది.

ఇప్పుడు సొంత వాలెట్ తెరిచేవారికి సాధారణంగా 12 లేక 24 మాటల వరుస ఇస్తున్నారు. ఫోను పోయినా ఆ మాటలుంటే సొమ్ము దక్కుతుంది. కాగితంపై రాసి బీరువాలో పెట్టాలి, ఎవరడిగినా చెప్పరాదు.